పసివాళ్లు, పెద్దవాళ్లు, మధ్యలో మనం: అందరం కలిసి క్రూజ్ వెళ్లడం అయ్యే పనేనా?

కెరటం

నమస్కారం అండీ. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుకుని వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదలు.

మా అత్తవారి వైపు అందరం కలిసి వారం రోజుల క్రూజ్ వెళ్దామనుకుంటున్నాం. మొత్తం పన్నెండు మందిమి. అత్తగారు, మామగారు (ఆయనకి మోకాళ్ల నొప్పులు, కాస్త దూరం నడిస్తే కూర్చోవాలి). బావగారు, తోటికోడలు, వాళ్ల పిల్లలు ఇద్దరు, 13 ఏళ్ల అమ్మాయి, 9 ఏళ్ల అబ్బాయి. మా ఆడపడుచు, వాళ్లాయన. ఆమెకి ఇప్పుడు నాలుగో నెల. చివరగా మేమిద్దరం, మా నాలుగేళ్ల పాప, ఐదు నెలల బాబు. స్కూలు సెలవులు చూసుకుని ఇంకో మూడు నెలల్లో బయల్దేరాలని ఆలోచన.

బావగారు ఇప్పటికే ఒక ఓడ చూసి పెట్టారు. బుక్ చేసేలోపు క్యాబిన్లు ఎలా తీసుకోవాలో, బాబుతో ఇబ్బంది అవుతుందా అన్నది తెలిస్తే బాగుంటుంది. ఇంకో మాట కూడా ఉంది కానీ అది ఎలా అడగాలో తెలియట్లేదు. పన్నెండు మంది వారం రోజులు ఒకే చోట ఉంటే గొడవలు రాకుండా ఉంటాయా?

ఉప్పుగాలి

క్యాబిన్ల సంగతి తర్వాత. ముందు మీ ఆడపడుచు గారి డాక్టరుతో మాట్లాడి వారాలు లెక్కపెట్టండి.

చాలా క్రూజ్ కంపెనీలు గర్భం 24వ వారంలోకి వచ్చినవాళ్లని ఓడ ఎక్కనివ్వవు. ఎక్కే రోజు లెక్క కాదండీ, దిగే రోజుకి ఎన్ని వారాలు అన్నది చూస్తారు. ఇప్పుడు నాలుగో నెల అంటే మూడు నెలల తర్వాత ఆమె 24 దాటిపోయి ఉంటారు. రేవు దాకా వచ్చాక కౌంటర్ దగ్గర ఆపేస్తారు, టికెట్ డబ్బు కూడా తిరిగి రాదు.

బాబు విషయం. సాధారణంగా ఓడ ఎక్కే రోజుకి కనీసం 6 నెలలు నిండాలి. సముద్రాలు దాటే పెద్ద ప్రయాణాలకీ, మధ్యలో రేవు తగలకుండా వరసగా మూడు రోజులో అంతకంటే ఎక్కువో నీళ్ల మీదే ఉండే రూట్లకీ చాలా కంపెనీలు 12 నెలలు అడుగుతాయి. మీ బాబుకి అప్పటికి ఎనిమిది నెలలు కాబట్టి రూట్ చూసుకుంటే చాలు. ఆడపడుచు గారి విషయమే తేల్చుకోవాలి.

కెరటం

అయ్యో. ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు. ఇప్పుడే మావారితో చెప్పాను, ఆయన వాళ్ల అన్నయ్యకి ఫోన్ చేస్తున్నారు.

డెక్కు7

ఆమెనీ వాళ్లాయన్నీ వదిలేసి మిగతా పదిమందీ వెళ్లొచ్చు కదా?

పాత_ప్రయాణికురాలు

డెక్కు7 గారూ, మీకు ఆడపడుచులు లేరని తెలిసిపోతోంది 😄

కెరటం

అత్తగారు ఒక్క మాటలో తేల్చేశారు. అందరూ వచ్చేలా ఉంటేనే వెళ్లాలి, లేకపోతే మానేద్దాం అన్నారు. కాబట్టి వచ్చే ఏడాది ఇవే సెలవులకి మార్చాం. అప్పటికి ఆడపడుచు బిడ్డకి పది నెలలు వస్తాయి. మా బాబుకి ఇరవై నెలలు. అంటే ఇప్పుడు పదమూడు మందిమి.

ఇలా మార్చడం వల్ల ఏమైనా తేడా వస్తుందా?

నిద్రలేని_నాన్న

చాలా తేడా వస్తుంది, అదీ మీ బాబు వల్లే. ఎనిమిది నెలల పిల్లాడు మహా అయితే పాకుతాడు. ఇరవై నెలలవాడు పరిగెడతాడు, ఎక్కుతాడు, దొరికింది నోట్లో పెట్టుకుంటాడు, పైగా ఇంకా డైపర్‌లోనే ఉంటాడు.

డైపర్ ఎందుకు చెబుతున్నానంటే, ఓడ మీద కొలను చూడగానే పిల్లలు ఆగరు. కానీ డైపర్ వేసుకునే పిల్లల్ని మామూలు కొలనుల్లోకి రానివ్వరు. ఈతకని అమ్మే ప్రత్యేక డైపర్ వేసినా అంతే. అమెరికా రేవులకి వచ్చే ఓడలకి ఇది అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ పెట్టిన నియమం, మిగతా చోట్ల కూడా చాలా ఓడలు ఇదే పాటిస్తాయి. కొన్ని ఓడల్లో చంటిపిల్లల కోసమే విడిగా శుద్ధి చేసే నీళ్లతో చిన్న స్ప్లాష్ ఏరియా ఉంటుంది. మీరు ఎంచుకునే ఓడలో అది ఉందో లేదో డెక్ ప్లాన్‌లో (ఓడ అంతస్తుల పటం) చూడండి. లేకపోతే అక్క నీళ్లలో ఆడుతుంటే తమ్ముడు గట్టు మీద ఏడుస్తుంటాడు, ఆ ఏడుపు మీరు వారమంతా వినాలి.

ఇంకోటి, కొలను దగ్గర లైఫ్‌గార్డ్ ఉంటాడని అనుకోవద్దు. కొన్ని కంపెనీలే పెడతాయి. లైఫ్‌గార్డ్ ఉన్నా సరే, పక్కన అరడజను మంది పెద్దవాళ్లు ఉన్నా సరే, ఈ పది నిమిషాలు పిల్లాణ్ని చూసేది ఎవరో పేరు పెట్టి చెప్పుకోవాలి. కుటుంబమంతా అక్కడే ఉన్నప్పుడే ఎవరూ చూడరు. అందరూ ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు.

లంగరు

క్యాబిన్ల గురించి అడిగారు కదా. నేను ట్రావెల్ బుకింగ్ పనిలో ఉన్నాను, ఇది రోజూ చూసే తలనొప్పే.

చంటిబిడ్డ కూడా ఒక మనిషి కిందే లెక్క. విమానంలోలాగా ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అంటే ఇక్కడ కుదరదు. ప్రాణరక్షణ పడవల్లో చోటుని బట్టి ఓడలో మనుషుల సంఖ్య ఉంటుంది. అందుకే ఇద్దరి క్యాబిన్ బుక్ చేసి తర్వాత బిడ్డ పేరు చేర్చమంటే ఒక్కోసారి కుదరదని చెప్పేస్తారు. మీ ఆడపడుచు బిడ్డ ఇంకా పుట్టలేదు కాబట్టి ఇది ముందే అడగాల్సిన విషయం. ఇప్పుడే ముగ్గురికి సరిపోయే క్యాబిన్ పట్టుకుని, పేరు తర్వాత ఎలా ఇవ్వాలో కంపెనీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

నలుగురు పట్టే క్యాబిన్లు ఏ ఓడలోనైనా తక్కువే, సెలవుల్లో ముందుగా అయిపోయేవి అవే. మధ్యలో తలుపు ఉన్న జంట క్యాబిన్లు ఇంకా తక్కువ. దొరికితే మీ నలుగురికీ నలుగురి క్యాబిన్ ఒక్కటి కాకుండా ఆ జంట క్యాబిన్లు తీసుకోండి. స్నానాల గదులు రెండు వస్తాయి, ఆ ఒక్క కారణం చాలు.

చవగ్గా వస్తోందని "క్యాబిన్ మేమే కేటాయిస్తాం" అనే రకం మాత్రం తీసుకోవద్దు. మీకొకటి ముందు కొసన, అత్తమామలకి ఇంకోటి వెనక కొసన పడొచ్చు. ఐకాన్ ఆఫ్ ది సీస్ లాంటి ఓడ పొడవు సుమారు 365 మీటర్లు, డెక్కులు 20. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన ఆ కొస నుంచి ఈ కొసకి రోజుకి నాలుగుసార్లు నడవాలి. మామగారి క్యాబిన్ లిఫ్టులకి దగ్గరగా, ఓడ మధ్యలో ఉండాలి. అది కుదిరాకే మిగతావాళ్లవి చూడండి.

అందరి బుకింగులూ ఒకదానితో ఒకటి లింక్ చేయించడం మర్చిపోవద్దు. లేకపోతే భోజనాల దగ్గర మీ కుటుంబం మూడు బల్లలకి చెదిరిపోతుంది.

కెరటం

లంగరు గారూ, చాలా థాంక్స్. అయితే అందరికీ పక్కపక్కనే ఒకే వరసలో తీసుకుంటే మంచిదంటారా? బావగారికి అదే ఇష్టం. అందరికీ బాల్కనీ ఉండాలని కూడా అంటున్నారు.

నిద్రలేని_నాన్న

వద్దు. రెండూ వద్దు.

పక్కపక్కనే తీసుకుంటే పసిపిల్లల ఏడుపు రెండు వైపులా వినిపిస్తుంది. ఆ జంట క్యాబిన్ల మధ్య తలుపు పలుచగా ఉంటుంది, అవతల దగ్గితే ఇవతల తెలుస్తుంది. అది మీ రెండు గదుల మధ్య ఉంటే లాభం, మీకూ మీ బావగారికీ మధ్య ఉంటే నష్టం.

బాల్కనీ గురించి. రెయిలింగ్ ఎత్తుగానే ఉంటుంది, తలుపు గొళ్లెం కూడా బరువే. కానీ అక్కడ రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల ఉంటాయి. ఎక్కే వయసు పిల్లాడికి అవి చాలు. తీసుకున్నా ఆ కుర్చీలు లోపల పెట్టుకోవాలి, లేదా తీసేయమని క్యాబిన్ అటెండెంట్‌కి చెప్పాలి.

మేం కిటికీ లేని లోపలి క్యాబిన్ తీసుకున్నాం. లైటు ఆపితే మిట్టమధ్యాహ్నం కూడా చిమ్మచీకటి. మా అమ్మాయి ఇంట్లో ఎన్నడూ పడుకోనంతసేపు అక్కడ పడుకుంది. కాకపోతే పిల్లల మంచం విప్పి వేస్తే నేల అయిపోయింది. దాన్ని దాటాలంటే మా పరుపు ఎక్కి అవతల దిగాలి. రాత్రి ఎనిమిదికి పాప పడుకున్నాక మాటలు బంద్, లైటు బంద్. నేనూ మా ఆవిడా స్నానాల గది తలుపు సందులోంచి వచ్చే వెలుతురులో ఒకే జత ఇయర్‌ఫోన్లు పంచుకుని సినిమా చూశాం. బాల్కనీ ఉంటే అక్కడ కూర్చునేవాళ్లం కదా అని మీరనొచ్చు, అదీ నిజమే.

పాత_ప్రయాణికురాలు

దీనికి మధ్యేమార్గం ఉంది. నడవాకి ఒక వైపు బాల్కనీ క్యాబిన్, ఎదురుగా లోపలి క్యాబిన్. పిల్లలు లోపలి దాంట్లో ఒక పెద్ద మనిషితో పడుకుంటారు. బాల్కనీ గది పగలంతా కుటుంబానికి చావడిలా పనికొస్తుంది. అందరికీ బాల్కనీలు ఎందుకు? మీ అత్తమామలకి ఒకటి ఉంటే చాలు. ఎక్కువసేపు గదిలో కూర్చునేది వాళ్లే.

తాతగారు_పైడెక్కు

అమ్మా కెరటం, నేను మీ మామగారి వయసువాణ్ని. ఇక్కడ అందరూ పడుచువాళ్లే మాట్లాడుతున్నారు కాబట్టి నా వైపు మాట కూడా చెబుతాను.

మేం కొడుకులు, కోడళ్లు, మనవలతో వెళ్లాం. మొదటి రాత్రి భోజనాలవగానే పిల్లలందర్నీ మా క్యాబిన్లో వదిలి, "ఒక్క గంట మామయ్యా, షో చూసి వస్తాం" అని వెళ్లారు. రెండో రాత్రి అడగడం కూడా లేదు, తలుపు తట్టి లోపలికి పంపారు. మనవలంటే మాకు ప్రాణమే. కానీ మా ఆవిడకి కూడా ఆ షో చూడాలని ఉందమ్మా. బయల్దేరే ముందు నుంచీ చెబుతూనే ఉంది. మూడో రోజు నేనే నోరు తెరిచి, ఇవాళ మేం వెళ్తాం, మీరు ఉండండి అన్నాను. కాసేపు మొహాలు ముడుచుకున్నారు, ఆ తర్వాత అంతా సర్దుకుంది.

కాబట్టి మీ అత్తగార్ని, మామగార్ని ఇప్పుడే అడగండి. ఏ రాత్రులు పిల్లల్ని చూస్తారు, ఏ రాత్రులు వాళ్లకి కావాలి అని. వాళ్లు మొహమాటానికి "ఎప్పుడైనా సరే" అంటారు. నమ్మకండి. రెండు రాత్రులు చెప్పమని పట్టుబట్టండి, మిగతావి మీరూ మీ తోటికోడలూ పంచుకోండి.

మోకాళ్ల గురించి. కొన్ని ఊళ్లలో ఓడ రేవు గోడకి ఆనుకుని ఆగదు. దూరంగా లంగరేసి చిన్న పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్తారు, టెండర్ అంటారు. పడవ పైకీ కిందికీ ఊగుతుంటే అదను చూసి అడుగు వేయాలి. పక్కన సిబ్బంది చెయ్యి పట్టుకుంటారు కానీ, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లని అలల్ని బట్టి దింపకపోవచ్చు కూడా. రూట్ చూసేటప్పుడు ఏ రేవుల్లో టెండర్ ఉందో అడగండి. ఎన్ని తక్కువుంటే మీ మామగారికి అంత సుఖం. రెండు మూడు స్ట్రోలర్లు మోయాల్సిన మీకూ అంతే.

కెరటం

బాబాయిగారూ, మీ మాట మావారికి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "అమ్మకి ఆ షోలు అంటే ఇష్టమని నాకు తెలియదే" అన్నారు తర్వాత.

బావగారి ప్లాన్ ఇంకోటి ఉంది. ప్రతి రేవులో పదమూడు మందికీ ఒకే టూర్. ఒక షీట్ కూడా తయారు చేశారు, పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా గంట గంటకీ ఏం చేయాలో.

డెక్కు7

షీట్‌లో బాబు నిద్రకి ఏ గంట ఇచ్చారో కనుక్కోండి 😂

పాత_ప్రయాణికురాలు

నవ్వులాట పక్కన పెడితే, పెద్ద కుటుంబాల క్రూజులు పాడయ్యేది ఇక్కడే. ఇంటి దగ్గర కలిసి ఉంటే ఎవరి పనులకి వాళ్లు పోయే వీలుంటుంది. సెలవులకొచ్చాం కదా అని రోజంతా గుంపుగా తిరగాలనుకుంటే మూడో రోజుకి ఒకరి మొహం ఒకరికి పడదు. ఓడ దిగి ఎక్కడికో పోవడానికి లేదు కూడా.

మా ఇంట్లో మేం పాటించేది ఒక్కటే. పగలు ఎవరికి వారే యమునా తీరే, రాత్రి భోజనానికి మాత్రం అందరూ రావాలి. ఆ ఒక్కపూట తప్పనిసరి అయినప్పుడు మిగతా రోజు గురించి ఎవరూ ఎవరినీ నిష్ఠూరాలాడరు. "పొద్దున మీరెక్కడికి వెళ్లారు, మేం ఇది చూశాం" అని చెప్పుకోవడానికి మాటలు కూడా మిగులుతాయి.

భోజనానికి పొద్దుపోకముందు ఉండే మొదటి విడత తీసుకోండి. రెండో విడత చాలా ఓడల్లో ఎనిమిది దాటాకే, అప్పటికి మీ పాప కుర్చీలోనే నిద్రపోతుంది. పెద్ద భోజనశాలలో వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, గంటన్నర పైనే పడుతుంది. మొదటిరోజే సర్వర్‌తో చెప్పండి, పిల్లలవి కూర్చోగానే తెచ్చేయమని. వారమంతా అదే సర్వర్ ఉంటే రెండో రోజు నుంచి చెప్పక్కర్లేదు. తినేశాక పాపని ఓడలో ఉండే పిల్లల ఆటల క్లబ్‌లో వదిలి వచ్చి మీరు నిదానంగా తినొచ్చు.

రేవుల్లో టూర్ కూడా అంతే. పదమూడు మంది ఒకే వేగంతో నడవలేరు. మామగారు, రెండు స్ట్రోలర్లు, 13 ఏళ్ల అమ్మాయి ఒకే గైడు వెంట వెళ్లడమంటే నలుగురికీ నచ్చని టూర్ ఎంచుకున్నట్టే. ఒక్క రేవులో మాత్రం అందరూ కలిసి సముద్రపు ఒడ్డున కూర్చోండి, చాలు.

ఉప్పుగాలి

పిల్లల క్లబ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఎక్కువ కంపెనీల్లో 3 ఏళ్లు నిండి, టాయిలెట్ అలవాటు అయినవాళ్లకే ప్రవేశం. కార్నివాల్ 2 ఏళ్ల నుంచి తీసుకుంటుంది. అంతకన్నా చిన్నవాళ్లకి కొన్ని ఓడల్లో నర్సరీ ఉంటుంది. డిస్నీలోనూ, రాయల్ కరీబియన్ ఓడలు చాలావాటిల్లోనూ 6 నెలల నుంచి 3 ఏళ్ల లోపు వాళ్లని చూసుకుంటారు. క్లబ్ టికెట్‌లోనే కలిసి ఉంటుంది, నర్సరీకి మాత్రం గంటల లెక్కన విడిగా కట్టాలి, చోటు కూడా కొద్దిమందికే. ముందుగా బుక్ చేసుకునే వీలుంటే అది తెరిచిన రోజే చేసేయండి, లేదంటే ఎక్కిన వెంటనే అక్కడికే వెళ్లండి.

నేను పిల్లల వార్డులో నర్సుని. ఆరోగ్యం గురించి అందరూ అడిగేది కడుపులో తిప్పడం గురించే. రెండేళ్ల లోపు పిల్లలకి అది చాలా అరుదు. రెండు నుంచి పన్నెండేళ్ల వాళ్లకి ఎక్కువ, కాబట్టి మీ పాప, బావగారి అబ్బాయి జాగ్రత్త. పెద్ద ఓడలకి నీటి అడుగున రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, పక్కలకి ఊగడాన్ని అవి బాగా తగ్గిస్తాయి. ముందుకీ వెనక్కీ ఎత్తేయడాన్ని అంతగా ఆపలేవు. కింది డెక్కుల్లో, ఓడ మధ్యలో అది తక్కువ తెలుస్తుంది. లంగరు గారు మామగారికి చెప్పిన చోటే ఇదీ. చెవి వెనక అంటించే పట్టీ పెద్దవాళ్లు వాడుతుంటారు. అది పిల్లలకి పనికిరాదు. ముసలివాళ్లలో కూడా ఒక్కోసారి అయోమయం, మగత తెస్తుంది. పక్కింటివాళ్లు ఇచ్చారని మామగారికి అంటించకండి, డాక్టర్ని అడగండి.

చేతులు మాత్రం సబ్బుతో, నీళ్లతో కడిగించండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు పాకించే నోరోవైరస్ మీద శానిటైజర్ సరిగా పనిచేయదు. బఫే దగ్గర ఒక చుక్క రాసుకుని లోపలికి పోవడం కాదు, సింకు దగ్గర 20 సెకన్లు. ఎవరికైనా మొదలైతే దాచకుండా ఓడ మెడికల్ సెంటర్‌కి చెప్పాలి. గదిలో ఉండమంటారు, సరదా పోతుంది, నిజమే. కానీ దాచిపెడితే పదమూడు మందికీ వస్తుంది.

ఓడలో డాక్టర్ ఉంటాడు, బిల్లు కూడా ఉంటుంది, అది గట్టిగానే ఉంటుంది. పరిస్థితి చేయి దాటితే ఓడ నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు కూడా కలిసిన ట్రావెల్ ఇన్సూరెన్స్ పెద్దవాళ్లకి తీసుకోండి. మామగారికి ముందు నుంచీ ఉన్న జబ్బులన్నీ అందులో రాయించండి. రాయకపోతే క్లెయిమ్ తిరగ్గొడతారు.

సంచి_సర్దు

అందరూ పెద్ద విషయాలు చెప్పారు, నేను సంచుల గురించి.

రేవులో ఇచ్చేసిన పెట్టెలు క్యాబిన్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం కావొచ్చు. మధ్యాహ్నానికే మీరు ఓడ మీద ఉంటారు, పిల్లలు కొలను చూసేస్తారు. కాబట్టి ఈత బట్టలు, మందులు, పాస్‌పోర్టులు, ఆ రోజుకి సరిపడా డైపర్లు, పాలపొడి, ఒక జత బట్టలు చేతి సంచిలోనే. పెద్దవాళ్ల బీపీ, షుగర్ మందులు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టెలో పెట్టొద్దు.

డైపర్లు, పాలపొడి వారానికి సరిపడా, ఇంకాస్త ఎక్కువే పట్టుకెళ్లండి. ఓడ దుకాణంలో మీ సైజు, మీ బ్రాండ్ దొరుకుతాయన్న నమ్మకం లేదు. ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె తేనివ్వరు, అగ్నిప్రమాదం భయం. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు కూడా తీసి పక్కన పెట్టి, దిగేటప్పుడు ఇస్తారు. పాలసీసాలకి చల్లనీళ్లలో వేసే స్టెరిలైజింగ్ బిళ్లలు హాయి. వేణ్నీళ్లు అటెండెంట్‌ని అడిగితే తెస్తారు.

క్యాబిన్ గోడలు చాలా ఓడల్లో ఇనుము రేకువి. అయస్కాంతం హుక్కులు నాలుగు పట్టుకెళ్తే తడి బట్టలు, టోపీలు, సంచులు గోడకి వేలాడతాయి. నేల ఖాళీగా ఉంటుంది. నిద్రలేని_నాన్న గారి కథ విన్నారుగా, నేల ఎంత విలువైనదో 🙂

స్ట్రోలర్ మడిస్తే గొడుగంత అయ్యేదే తీసుకెళ్లండి. పెద్దవి కొన్ని క్యాబిన్ల తలుపులో పట్టవు, నడవాలో పెడితే ఊరుకోరు.

కాగితాలు. పాస్‌పోర్టులకి ప్రయాణం అయ్యాక కూడా ఆరు నెలల గడువు ఉండాలని చాలా చోట్ల అడుగుతారు. పుట్టబోయే బిడ్డకి కూడా పాస్‌పోర్ట్ కావాలి, దానికి పట్టే సమయం లెక్కేసుకోండి. ఓడ ఒక దేశంలో బయల్దేరి, వేరే దేశాలు తిరిగి మళ్లీ అక్కడికే వస్తే వీసా ఒకసారి ప్రవేశానికి ఉంటే చాలకపోవచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరే వస్తున్నా, తాతయ్య నానమ్మలే మనవల్ని తీసుకెళ్తున్నా మిగతావాళ్ల సమ్మతి పత్రం అడుగుతారు.

కెరటం

ఇదంతా రాసుకుంటున్నాను. బావగారికి మీ అందరి మాటలూ పంపాను. మొదట కొంచెం ముభావంగా ఉన్నారు, "నేను చేసిన షీట్ అంత పనికిరానిదా" అని. తోటికోడలు అక్కే సర్ది చెప్పింది. ఇప్పుడు అదే షీట్‌ని మార్చి, ఏ రాత్రి పిల్లల్ని ఎవరు చూస్తారన్నది వేస్తున్నారు. బావగారి పేరు కూడా ఉంది అందులో!

డబ్బు సంగతి కూడా ఒకటి తేలాలి. ఓడలో కార్డు గీకితే అది ఎవరి ఖాతాలోకి పోతుంది?

లంగరు

ఏ క్యాబిన్ ఖర్చు ఆ క్యాబిన్ ఖాతాకే. ఎక్కేముందు మీ మీ కార్డులు విడివిడిగా పెట్టుకోండి. ఒకరే పెద్దమనిషి తరహాలో అందరి ఖాతాలూ తన కార్డుకి తగిలిస్తే చివరి రోజు బిల్లు చూసి ఇంటిదాకా మౌనవ్రతమే. పిల్లలకి ఓడవాళ్లు ఇచ్చే కార్డులతో కొనే వీలు మొదటిరోజే ఆపించండి, గెస్ట్ సర్వీసెస్‌లో రెండు నిమిషాల పని. వీడియో గేముల గదిలో కార్డు ఎంత పోయిందో తొమ్మిదేళ్లవాడికి తెలియదు. టిప్పులు రోజుకి మనిషికి ఇంత అని కంపెనీలు వాటంతట అవే వేస్తాయి, బుకింగ్ ధరలో అవి కలిశాయో లేదో అడిగి ఉంచుకోండి.

ఇంకోటి, భద్రతా డ్రిల్. చంటిపిల్లల పేరు చెప్పి తప్పించుకోవాలని చూస్తారు కొందరు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ ప్రమాదంలో 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన ప్రయాణికులు వందలమందికి అప్పటికి ఇంకా డ్రిల్ జరగలేదు, 24 గంటల్లోపు చేస్తే చాలని అప్పటి నియమం. 2015 నుంచి ఓడ బయల్దేరే ముందుగానీ, బయల్దేరిన వెంటనేగానీ జరగాలి. ఇప్పుడు చాలా ఓడల్లో ఫోన్‌లో వీడియో చూసి, మీ స్టేషన్‌కి (ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటు) వెళ్లి హాజరు వేయించుకుంటే అయిపోతుంది. మీవి వేర్వేరు క్యాబిన్లు కాబట్టి స్టేషన్లు కూడా వేరు కావొచ్చు. అందరూ అందరి స్టేషన్ నంబర్లూ తెలుసుకోండి. పిల్లలకి స్టేషన్ నంబర్ ఉన్న చేతిపట్టీ ఇస్తారు, వారమంతా తీయొద్దు. శిశువులకి పట్టే లైఫ్ జాకెట్ క్యాబిన్లో లేకపోతే అప్పుడే అడిగి తెప్పించుకోండి.

కెరటం

13 ఏళ్ల అమ్మాయిని ఒంటరిగా తిరగనివ్వొచ్చా? వాళ్లమ్మకి టెన్షన్. ఓడలో ఫోన్లు పనిచేస్తాయా అసలు?

పాత_ప్రయాణికురాలు

తిరగనివ్వండి, కానీ హద్దులు ముందే చెప్పండి. ఎవరి క్యాబిన్‌లోకీ వెళ్లకూడదు, ఎవర్నీ తన క్యాబిన్‌కి పిలవకూడదు, భోజనానికి టైమ్‌కి రావాలి, రాత్రి ఫలానా గంటకి గదిలో ఉండాలి. ఆ వయసువాళ్లకి విడిగా క్లబ్ ఉంటుంది. మొదటిరోజే వెళ్లమనండి. స్నేహాలు కలిసేది మొదటి రాత్రే, మూడో రోజు వెళ్తే అప్పటికే గుంపులు కుదిరిపోయి ఉంటాయి.

డెక్కు7

ఫోన్ గురించి నేను చెబుతా, దీంట్లో నాకు అనుభవం ఉంది. ఓడ రేవు వదలగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించండి, పిల్లలవి కూడా. ఓడకి సొంత టవర్ ఉంటుంది, ఉపగ్రహం ద్వారా పనిచేస్తుంది, దానికి తగులుకుంటే రోమింగ్ మోత మామూలుగా ఉండదు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచి ఓడ వైఫై మాత్రం ఆన్ చేయండి. చాలా కంపెనీల యాప్‌లో ఓడలో ఉన్నవాళ్లు ఒకరికొకరు మెసేజ్ పెట్టుకోవచ్చు, దానికి ఇంటర్నెట్ ప్యాకేజీ కొనక్కర్లేని ఓడలూ ఉన్నాయి. యాప్ ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసి, మామగారి ఫోన్‌లో కూడా వేసి, ఒకసారి వాడి చూపించండి.

రేవుల్లో దిగినప్పుడు ఫోన్ టైమ్ నమ్మొద్దు. అది ఊరి టైమ్‌కి మారిపోతుంది, ఓడ నడిచేది ఓడ టైమ్ మీద, ఒక్కోసారి రెండింటికీ గంట తేడా ఉంటుంది. పాత చేతి గడియారం ఒకటి ఓడ టైమ్‌కి పెట్టి తీసుకెళ్లండి. ఎక్కాల్సిన గడువు సాధారణంగా ఓడ కదలడానికి అరగంట ముందే. ఓడవాళ్ల టూర్‌లో వెళ్లి ఆలస్యమైతే ఆగుతారు, లేదా తర్వాతి రేవుకి వాళ్లే చేరుస్తారు. సొంతంగా వెళ్లినవాళ్లు తర్వాతి రేవుకి సొంత ఖర్చుతో చేరుకోవాలి.

కెరటం

డెక్కు7 గారూ, ఇది బావగారికి వెంటనే పంపుతున్నా. ఆఖరుగా ఒక్కటి. పిల్లల మంచాలు, భోజనాల దగ్గర ఎత్తు కుర్చీలు, మామగారికి చక్రాల కుర్చీ, ఇవన్నీ ఎక్కాక అడగాలా?

లంగరు

బుక్ చేసిన రోజే అడిగి, కన్ఫర్మేషన్ కాగితంలో ఎక్కించమనండి. మంచాలకి డబ్బు తీసుకోరు కానీ లెక్కకి ఉంటాయి, సెలవుల్లో అయిపోతాయి. చక్రాల కుర్చీ అయితే రేవులో ఎక్కడానికీ దిగడానికీ మాత్రమే ఇస్తారు, వారమంతా ఓడలో కావాలంటే సొంతది తెచ్చుకోవాలి లేదా అద్దెకి మాట్లాడుకోవాలి. బయల్దేరడానికి నెల ముందు ఇంకోసారి ఫోన్ చేసి అన్నీ ఉన్నాయా అని చదివించుకోండి.

కెరటం

సరే అండీ. రేపు పొద్దున్నే బుకింగ్ వాళ్లతో మాట్లాడతాం, రూట్ తేలాక ఏయే రేవులో ఇక్కడ పెడతాను.